నాగమ్మ కుడి కన్ను

పోయిన నెల నా కుడి కంట్లో పొర వచ్చిందనీ, తీసేసి లెన్సు పెట్టాలనీ చెప్పారు. ఈ వయసుకే పొరేమిటని డాక్టరుతో కాసేపు పోట్లాడాను. షుగరు ఉన్నవాళ్ళకి కాస్త ముందే వస్తుందని ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఓపిగ్గా చెప్పేవాళ్ళతో పోట్లాటలో రుచి ఉండదు కాబట్టి ఊరుకున్నాను. ఆపరేషను రోజు పొద్దున తెనాలిలో ఒక కంటి ఆసుపత్రి వరండాలో కూర్చుంటే, చేతిలో ట్యాబు పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. "పేరు చెప్పండి మేడమ్. ఏ కన్ను?" అంది. చెప్పాను. పావుగంటకి మళ్ళీ వచ్చి అదే అడిగింది. మూడోసారి కూడా అడిగి, నా కుడి కనుబొమ పైన తెల్ల ప్లాస్టరు ముక్క అతికించి దాని మీద పెన్నుతో బాణం గుర్తు గీసింది. నా పక్కన కూర్చున్న పెద్దాయనకి విసుగొచ్చింది. "ఏంటమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి? మీకు చెవుడా?" అన్నాడు. మామూలుగా అయితే ఆ మాట నేనే అనవలసింది. ఆ రోజు మాత్రం ఆయన మీదికే తిరిగాను. "పదిసార్లడిగితే పదిసార్లూ చెప్పండి బాబాయిగారూ. నోరేం అరిగిపోదు." ఆయన నన్ను ఎగాదిగా చూసి జరిగి కూర్చున్నాడు. ప్లాస్టరు జిగురు వాసన ముక్కుకి తగిలింది. నా అరచేతులు చెమట పట్టడం అప్పుడు గమనించాను. భయం నా కన్ను గురించి కాదు. ఆ అమ్మాయి చేతిలోని పట్టికలో నా పేరుకి ఎదురుగా ఉన్నది నా కన్నేనా అని.

ఈ భయం నాకు పట్టుకున్నప్పుడు నేను డిగ్రీ పూర్తిచేసి, తెనాలిలో మా కరుణమ్మ పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. పెద్దమ్మ ఒక మిషను కంటి ఆసుపత్రిలో పెద్ద నర్సు. ఊళ్ళో అందరికీ సిస్టరమ్మ. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. డెట్టాలు, గంజి పెట్టిన తెల్లచీరలు, ఉడకబెట్టిన పట్టీలు, వాటన్నిటి మీదా పెదనాన్న బూట్లకి రాసుకునే నల్ల పాలిషు. పెదనాన్న రైల్వే గూడ్సు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. వెళ్ళవలసిన ఆఫీసు లేకపోయినా తెల్లారేసరికి బూట్లు మెరవాల్సిందే. పెద్దమ్మ దగ్గర పొడుగాటి రిజిస్టరు ఒకటుండేది. అంచుకి ఇత్తడి పట్టీ ఉన్న రూళ్ళకర్రతో గీతలు గీసి, కంటి రోగుల పేరు, ఊరు, ఏ కన్ను, కంట్లో పెట్టే లెన్సు పవరు నంబరు గుండ్రని అక్షరాలతో రాసేది. ఆపరేషన్లు ఉన్న రోజు తెల్లవారుజామున మా ఇంట్లో కుటుంబ ప్రార్థన రెండింతలు సాగేది. పాట అయ్యాక పెద్దమ్మ రిజిస్టరు తెరిచి ఒక్కొక్క పేరే చదివేది. "సంగం జాగర్లమూడి సుబ్బయ్య, ఎడమ కన్ను, ప్రభువా." మేమిద్దరం "ఆమెన్" అనాలి. "భట్టిప్రోలు రాహేలమ్మ, కుడి కన్ను, ప్రభువా." "ఆమెన్." హిందువులు, తురకలు, మనవాళ్ళు అని లేదు, రిజిస్టరులో ఉన్న ప్రతి కన్నూ ప్రభువు ముందుకి వెళ్ళవలసిందే. పెదనాన్న ఒక బూటులో చెయ్యి పెట్టుకుని ఆమెన్ అనేవాడు. నేను నిద్రమొహంతో అనేదాన్ని. దేవుడికి వీళ్ళ ఊళ్ళు కూడా చెప్పాలా అని ఒకసారి అడిగితే, "నీకు ఆకలేస్తే ఆకలేస్తుందని చెప్పు. ఊరికే ప్రార్థన మీద పడకు," అంది పెద్దమ్మ.

ఆసుపత్రికి కంప్యూటరు వచ్చింది. దాన్ని ముట్టుకోవడానికి అందరికీ భయం. కంప్యూటరు కోర్సు చేసినదాన్నని నన్ను కూర్చోబెట్టారు. నా కోర్సు సంగతి చెప్పాలి. బాపట్లలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేటప్పుడు, మందుల షాపు మేడ మీద ఒక గదిలో సాయంత్రాలు నేర్పేవారు. చెప్పులు మెట్ల దగ్గర విప్పాలి. లోపల ఏసీ ఉండేది, మాకోసం కాదు, మిషన్ల కోసం. ముగ్గురికి ఒక కంప్యూటరు. ముందొచ్చిన అమ్మాయి మౌసు పట్టుకునేది. రెండో అమ్మాయి అక్షరాలు కొట్టేది. మూడో స్టూలు నాది, దాని కాళ్ళలో ఒకటి పొట్టిది. "నీ చేతిరాత ముత్యాల్లా ఉందమ్మా, నువ్వు నోట్సు రాసిపెట్టు," అన్నాడు సార్. "చేతిరాత కోసమైతే మా పెద్దమ్మ దగ్గరే నేర్చుకునేదాన్ని కదండి, ఇక్కడికెందుకు?" అన్నాను. ఆయన నవ్వాడు గానీ నా స్టూలు మారలేదు. కోర్సు మొత్తం మీద నేను మౌసు పట్టుకున్నది గంటకి మించదు. స్ప్రెడ్‌షీట్ గురించి నా నోట్సులో మాత్రం అంతా ఉంది. నిలువు వరసని పట్టుకోవాలి, 'ఏ' నుంచి 'జడ్' అని ఉన్న బొమ్మ నొక్కాలి, వరస సర్దుకుంటుంది. ఒక్క నిలువు వరస కాదు, పట్టిక మొత్తం పట్టుకోవాలని సార్ చెప్పే ఉంటాడు. ఆ నిమిషంలో నేను స్టూలు గురించి పోట్లాడుతూ ఉండి ఉంటాను.

మా ఆసుపత్రికి రేపల్లెలో చిన్న శాఖ ఉండేది. సముద్రం వైపు ఊళ్ళవాళ్ళు తెనాలిదాకా రాలేరని నెలకోసారి డాక్టరుగారు అక్కడికే వెళ్ళి ఆపరేషన్లు చేసేవారు. వారం ముందే పెద్దమ్మ వెళ్ళి కొలతలు తీయించి, రిజిస్టరులో రాసుకుని వచ్చేది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు రాయడంతో పేరు వెతుక్కోవడం కష్టంగా ఉందనీ, ఈసారి అక్షరాల వరసలో కావాలనీ డాక్టరుగారు అన్నారు. నాకు రెక్కలొచ్చాయి. ఆ నెల నలభై ఒక్క మంది. రిజిస్టరు పక్కన పెట్టుకుని రెండు రోజులు కూర్చుని, పేరూ పక్కనే ఊరూ ఒకే గడిలో పడేట్టు, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. ఒక్కొక్క అక్షరం కోసం కీబోర్డంతా గాలించాను. కొట్టినదాన్ని రెండుసార్లు సరిచూశాను, ఒక్క తప్పు లేదు. అప్పుడు పేర్ల నిలువు వరసని పట్టుకుని ఆ బొమ్మ నొక్కాను. కన్ను మూసి తెరిచేలోగా పేర్లన్నీ వరసలో నిలబడ్డాయి. ఎంత సంబరమంటే, దాన్ని మళ్ళీ సరిచూడాలన్న ఆలోచనే రాలేదు. ఆ కాగితం ప్రకారం లెన్సు పెట్టెల మీద పేర్లు అంటించారు. సాయంత్రం డాక్టరుగారినీ లెన్సు పెట్టెల్నీ ఎక్కించుకుని రేపల్లె వ్యాను బయల్దేరేటప్పుడు, "రిజిస్టరు కూడా పంపమ్మా," అంది పెద్దమ్మ. "లిస్టు ఉండగా ఆ మోత ఎందుకు పెద్దమ్మా? ఇంకా ఎన్నాళ్ళు మోస్తావు దాన్ని?" అన్నాను. ఆమె రిజిస్టరు నా చేతికిచ్చేసింది. దాన్ని నా సంచిలో వేసుకుని ఇంటికి తీసుకొచ్చాను, ఇక అటకెక్కించవచ్చునని.

మర్నాడు తెల్లవారుజామున ప్రార్థనకి కూర్చున్నాం. పెద్దమ్మ కళ్ళజోడు దారం సరిచేసుకుని, "ఏదీ, నీ కాగితం ఇంకోటి తీసుకొచ్చావుగా? ఇవాళ అందులోంచే చదువుతా," అంది. అది పొగడ్త. ఆమె అంతకన్నా గట్టిగా ఎవరినీ పొగడదు. అంచులకి చిల్లులున్న ఆ ప్రింటరు కాగితం ఆమె చేతిలో పెట్టి గర్వంగా మఠం వేసుకున్నాను. అప్పమ్మ, చిట్టెమ్మ, డేవిడ్ అని చదువుకుంటూ పోతోంది. మధ్యలో రెండుచోట్ల కాస్త తడబడింది, ఇంగ్లీషు అక్షరాల వల్ల అనుకున్నాను. "నిజాంపట్నం నాగమ్మ, ఎడమ కన్ను..." అని ఆగిపోయింది. పెదనాన్న అలవాటు కొద్దీ ఆమెన్ అనేశాడు.

"ఆగండి. ఆమెన్ ఏంటి, ఆమెన్!" అంది పెద్దమ్మ. "నాగమ్మకి ఎడమ కన్నెక్కడిదే? చిన్నప్పుడే మశూచిలో పోయింది. ఉన్నదే కుడి కన్ను."

"ఒకటీ అరా టైపు తప్పు పడి ఉంటుందిలే పెద్దమ్మా."

"రిజిస్టరు తియ్యి."

తీశాను. అప్పమ్మది రిజిస్టరులో కుడి, కాగితంలో ఎడమ. చిట్టెమ్మది సరిపోయింది. డేవిడ్‌ది తప్పు. పెద్దమ్మ వేలు ఇంకో గడి పక్కకి జరిగింది. "కన్ను సంగతి సరే. నంబరు చూడు." నాగమ్మకి రిజిస్టరులో పదిహేడు. కాగితంలో ఇరవై ఒకటిన్నర. చిట్టెమ్మ కన్ను సరిపోయింది గానీ నంబరు చిట్టెమ్మది కాదు. నలభై ఒక్కటికి నలభై ఒక్కటీ. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. చర్చి బయట చెప్పులు విడిచి వచ్చినవాళ్ళని లోపల పేర్ల వరసలో మార్చి కూర్చోబెట్టి, బయట చెప్పుల్ని మాత్రం ఉన్నచోటే ఉంచి, ఎవరికెదురుగా ఉన్నవి వాళ్ళు తొడుక్కోండి అన్నాను. పేర్లు కదిలాయి. కళ్ళూ, నంబర్లూ కదల్లేదు.

"కన్ను తప్పయితే డాక్టరుగారు టార్చి వేసి చూస్తే తెలిసిపోద్ది," అంది పెద్దమ్మ, గొంతు పెంచకుండా. "నంబరు తప్పయితే ఎవరికి తెలుస్తుందే? లోపల పెట్టి కట్టు కట్టేశాక, ఇంటికెళ్ళి వల చిక్కు తీసుకునేటప్పుడు ఆవిడకి తెలుస్తుంది." రేపల్లె శాఖలో ఫోను ఆఫీసు గదిలో ఉంటుంది. ఆ గది తొమ్మిదింటికి గానీ తెరవరు. డాక్టరుగారు ఎనిమిదింటికే మొదలుపెడతారు. పెదనాన్న అప్పటికే మెరిసే బూట్లతో లేచి నిలబడ్డాడు. "పొద్దుటి ప్యాసింజరుంది. లేవండి. వేమూరులో ఎక్కువసేపు ఆగకపోతే ఎనిమిదికి ముందే పడేస్తుంది," అన్నాడు.

రేపల్లె లైను మీద ఆ ప్యాసింజరు ప్రయాణం నేను చాలాసార్లు చేశాను. రెండువైపులా మాగాణి, కాలవలు, ప్రతి స్టేషన్లో ఎక్కే పాల క్యాన్లు. ఆ రోజు మమ్మల్నిద్దర్నీ పెదనాన్న ఎక్కించి దిగిపోయాక, నేను చూసింది రిజిస్టరూ, ఒళ్ళో కాగితమూ మాత్రమే. పెద్దమ్మ రూళ్ళకర్ర ఒక్కొక్క వరస కింద పెట్టి చదువుతుంటే, నేను కాగితం మీద కొట్టేసి ఎర్ర పెన్నుతో దిద్దుతున్నాను. బండి కుదుపుకి పదిహేడు కాస్తా పంతొమ్మిదిలా పడేది. మళ్ళీ కొట్టేసి రాసేదాన్ని. రాసిన ప్రతి అంకె తప్పేమోనని అనిపించేది. పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే ఎదురు చెప్పి కాస్త తేలికపడేదాన్ని. ఎదురుగా పూలబుట్టతో కూర్చున్న ఆవిడ మమ్మల్ని చాలాసేపు చూసి, "ఏంటమ్మా, పరీక్షకెళ్తా ఇప్పుడు చదువుతున్నావా?" అంది. "అవునమ్మా, పరీక్షే," అంది పెద్దమ్మ. "పాసవుద్దంటారా?" "తెలీదమ్మా."

వేమూరులో ఆగింది. ఆగి, ఇక కదల్లేదు. నేను దిగి వెనక్కి పరిగెత్తాను. "గార్డుగారూ, ఎందుకండి ఆపేశారు?"

"సిగ్నలు పడలేదమ్మా."

"అక్కడ మనుషుల కళ్ళు పోతాయండి!"

"ముందు నువ్వు బండెక్కమ్మా. కదిలితే నీ కాళ్ళు పోతాయి."

అంత కంగారులోనూ ఆయనకి సమాధానం చెప్పకుండా ఎక్కేసినందుకు నాకు బాధ కలిగింది. చివరికి బండి కదిలింది. భట్టిప్రోలు దాటేసరికి నలభై ఒక్కటీ దిద్దడం అయింది. ఆ తర్వాత చేయడానికి పని లేకపోవడం ఇంకా ఘోరం. కిటికీ ఊచలు పట్టుకుని, నాగమ్మని నేను చూసిన ఒక్కసారీ గుర్తు చేసుకున్నాను. కిందటి నెల పెద్దమ్మతో పాటు రేపల్లె వచ్చినప్పుడు ఆమె నా జాకెట్టు అంచు పట్టుకుని చూసి, "రంగు తెలుస్తందమ్మా, పువ్వులు తెలీట్లేదు," అంది.

స్టేషను నుంచి రిక్షాలో, రైసు మిల్లుల ఊక దుమ్ములోంచి, మేం శాఖ చేరేసరికి వరండాలో సంత లాగా ఉంది. బల్లల మీద అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ప్లాస్టర్లు అతికించే ఆయా మరియమ్మ ఒక చేత్తో నా కాగితం, ఇంకో చేత్తో కత్తెర పట్టుకుని చెమటలు కక్కుతోంది. ఒక ముసలాయన ఆమె మీదికి లేచాడు. "నాకు కుడి కన్ను కనపడట్లేదు మొర్రో అంటే, కాగితంలో ఎడమ అని ఉందంటదేంటి ఈవిడ? కాగితానికి కనపడుద్దేమో, నాకు కనపడాలిగా!"

మరియమ్మ నన్ను చూసింది. "ఏమ్మా ప్రమీలా, ఏం లిస్టమ్మా ఇది! సగం మందికి ఉన్న కన్ను లేదు, లేని కన్ను ఉంది. డాక్టరుగారికి చూపిస్తే, కన్ను వాళ్ళనే అడిగి అతికించు, నంబర్లు మాత్రం లిస్టు ప్రకారం కానిద్దాం అన్నారు."

మరియమ్మ చేతిలోని కాగితం లాక్కున్నాను. "మొదలుపెట్టేశారా?"

"ఇప్పుడే. ఒంటికన్ను వాళ్ళు ముందు గదా ఎప్పుడూ. నాగమ్మని తీసుకెళ్ళారు."

పెద్దమ్మ అప్పటికే చెప్పులు విడిచేసింది. ముక్కుకి గుడ్డ లేకుండా ఆపరేషను గది గడప దాటనివ్వని మనిషి, చీర కొంగు మూతికి అడ్డం పెట్టుకుని తలుపు జానెడు తెరిచింది. "డాక్టరుగారూ, లెన్సు పెట్టకండి. నంబరు తప్పు."

లోపల పనిముట్ల చప్పుడు ఆగింది. "ఇక్కడ ఇరవై ఒకటిన్నర అని ఉంది సిస్టరమ్మా."

"అది వేరేవాళ్ళదండి. ఈవిడది పదిహేడు. రిజిస్టరు నా చేతిలో ఉంది."

ఆకుపచ్చ గుడ్డ కింది నుంచి నాగమ్మ గొంతు వినిపించింది. "ఎవరమ్మా అది? ఏమైందమ్మా? నా కన్నేనా?"

"నీ కన్నేనమ్మా. బాగానే ఉంది. కదలబోకు," అంది పెద్దమ్మ. పెట్టె సీలు తీసి ఉంది. లెన్సు ఇంకా పళ్ళెంలోనే ఉంది.

పదిహేడు నంబరు ఇంకొకరి పేరుతో ఇంకో పెట్టెలో దొరికింది. ఆ తర్వాత పెద్దమ్మ నన్ను వరండా మధ్యలో నిలబెట్టి రిజిస్టరు గట్టిగా చదవమంది. పేరు, ఊరు, కన్ను, నంబరు. ఎవరి పేరు పిలిస్తే వాళ్ళు చెయ్యి ఎత్తి తమ కన్ను తాము చెప్పాలి. మరియమ్మ పెట్టెల మీద పేర్లు పీకి మళ్ళీ అంటించింది. నేను గొణిగినట్టు చదువుతుంటే ఆ ముసలాయన, "గట్టిగా చదువమ్మా, కళ్ళే పోయాయి, చెవులు బాగానే ఉన్నాయి," అన్నాడు.

సాయంత్రం ఆపరేషన్లయ్యాక డాక్టరుగారు నన్ను పిలిచారు. "చేత్తో రాసినన్నాళ్ళూ ఈ గొడవ లేదు. ఆ కంప్యూటరుని మూటగట్టి అటకెక్కించండి. ఈ అమ్మాయికి వేరే పనేదన్నా చూద్దాం," అన్నారు పెద్దమ్మతో. పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ, "చేత్తో రాసినప్పుడూ జరిగిందండి," అంది. "మీకు ముందున్న డాక్టరుగారి రోజుల్లో, ఒకే పేరున్న ఇద్దరిని నేనే తారుమారు చేశాను. ఒకాయనకి సరిచెయ్యడం కుదర్లేదు. అప్పుడు నన్ను మూటగట్టి అటకెక్కించలేదుగా."

తిరుగు బండి జంపని దాటాక, "ఆ సరిచెయ్యడం కుదరని ఆయన ఏమయ్యాడు?" అని అడిగాను. "బతికినన్నాళ్ళూ మసకగానే చూశాడు. ఎదురుపడితే నన్ను పలకరించేవాడు, అదే కష్టం," అంది. "అప్పటి నుంచే పేర్లు చదవడం మొదలెట్టా. ప్రభువుకి వాళ్ళ పేర్లు తెలియకనా? నాకు తెలియాలని. కళ్ళతో చూసినప్పుడు తెలియని తప్పు, నోటితో చదివితే తగులుద్ది." ఇన్నేళ్ళూ నేను దాన్ని ఒట్టి భక్తి అనుకుని నిద్రమొహంతో ఆమెన్ అన్నాను.

మరుసటి నెల లిస్టు నేనే చేశాను. డాక్టరుగారు ఒప్పుకోవడానికి పెద్దమ్మ ఏం చెప్పిందో నాకు చెప్పలేదు. ఈసారి పట్టిక మొత్తం పట్టుకున్నాను. అచ్చు తీసి, మొదటి వరసా చివరి వరసా మాత్రమే కాదు, అన్నీ బయటికి చదివి రిజిస్టరుతో సరిచూశాను. వ్యానులో రిజిస్టరు కూడా వెళ్ళింది. తెల్లవారుజామున ప్రార్థనకి కూర్చున్నప్పుడు పెద్దమ్మ చెయ్యి చాపింది. "ఏదీ నీ కాగితం?" అంది. ఇవ్వడానికి నా చెయ్యి రాలేదు. ఆమె తీసుకుంది. చివరి పేరుదాకా నేను ఆమె వేలి వెంటే చూస్తూ ఆమెన్ అన్నాను.

తర్వాత బతుకంతా కంప్యూటరు పట్టికల గళ్ళలోనే గడిపాను. నాకన్నా చిన్నవాళ్ళకి నేర్పాను, ప్రతివాళ్ళ చేతికీ మౌసు ఇచ్చి మరీ నేర్పాను. ఇప్పుడు ఒక్క వరసని పట్టుకుని సర్దమంటే, పక్క గళ్ళని కూడా కలుపుకోమంటావా అని కంప్యూటరే అడుగుతుంది. అప్పుడు అడగలేదు. లేదా అడిగితే చదవకుండా 'సరే' నొక్కానేమో, నా సంగతి నాకు తెలుసు. ఇప్పుడు కొలత తీసే మిషనే నంబరుని రాసుకుంటుంది, ఎవరూ చేత్తో కొట్టనక్కర్లేదు. మంచిదే. కానీ పట్టిక సర్దిన ప్రతిసారీ నాకు అరచేతులు చెమట పడతాయి, సరిగ్గా చేశానని తెలిసినా. పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆమె పోయాక ఆ ఇంట్లో పేర్ల ప్రార్థన లేదు. ట్యాబు పట్టుకున్న ఆ అమ్మాయికి నలభై ఒక్క మంది ఊళ్ళు తెలియవు, తెలియాలని నేను అడగను. పాపం, మూడుసార్లు అడగమన్నారు, మూడుసార్లూ అడిగింది. నాలుగోసారి నేనే పిలిచి, ట్యాబు నావైపు తిప్పమన్నాను. "మా మీద నమ్మకం లేదా ఆంటీ?" అంది, మేడమ్ నుంచి ఆంటీకి దించేస్తూ. "చూపించమ్మా తల్లీ," అన్నాను. వేలు పెట్టి అడ్డంగా చదువుకున్నాను. నా పేరు, కుడి, నంబరు. చేతిలోని కొలత చీటీతో సరిచూసుకున్నాను. సరిపోయింది.

లోపల పడుకోబెట్టి మొహం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పారు. దానికొక్కటే చిల్లు, దాని నిండా తెల్లని వెలుగు. ఇక నాకు చూడటానికీ లేదు, సరిచూడటానికీ లేదు. తల దగ్గర ఒక నర్సు గొంతు నా పేరు చదివింది. "కుడి కన్ను," అంది.

"ఆమెన్," అన్నాను.

"ఏంటి మేడమ్?"

"ఏం లేదమ్మా. కానివ్వండి."